గంజి పెట్టిన గొడుగు

పొయ్యి మీద నుంచి దించిన గంజి బాన పైన మీగడ కట్టడం మొదలైంది. పొన్నమ్మ దాన్ని కట్టెతో మళ్ళీ కలిపింది. కట్టె బాన అంచుకు తగిలి ఠకఠకమనేలా, వీధంతా వినిపించేలా కలిపింది.

ఎవరి వాకిలీ తెరుచుకోలేదు.

వీధి మధ్యన కత్తెర కట్టెల మీద కొత్త పడుగు బారుగా పరుచుకుని ఉంది. ఇంకా గంజి తగలని నూలు. కాస్త గాలి విసిరితే చాలు, పోగుకు పోగు చిక్కుపడిపోతుంది. ఆ పడుగుకు నాలుగు వైపులా నలుగురే మనుషులు. వాసుదేవ, ఆయన భార్య పొన్నమ్మ, కొడుకు నటరాజు, కూతురు వనజాక్షి.

తిరుత్తణి పక్కనున్న ఆ నేతగాళ్ళ వీధిలో పడుగు సాచే రోజు ఎవరూ ఎవరినీ పిలవరు. గంజి కలిపే చప్పుడే పిలుపు. ఇంటికొకరు కుంచె పట్టుకునో, ఉత్త చేతులతోనో వచ్చి నిలబడతారు. ఎండ ముదిరే లోపల గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, తెగిన పోగులు ముడేసి, ఆరబెట్టి, చుట్టేసి ఎవరి దారిన వాళ్ళు పోతారు. మర్నాడు ఇంకో ఇంటి పడుగు. గట్టు తగాదాలతో మాటలు లేని వాళ్ళు కూడా పడుగు దగ్గర ఎదురెదురుగా నిలబడి, మాట్లాడుకోకుండానే పని ముగించి పోయిన రోజులున్నాయి. పిలవడమంటే తలవంపు. పిలిచినా రాకపోతే ఇంక ఆ ఇంటికి వీధిలో చోటు లేనట్టే.

ఎదురింట్లో ఎవరో దగ్గారు. దగ్గి, ఆ దగ్గును కూడా మధ్యలోనే మింగేశారు.

"ఆదికేశవులు మామ లేచే ఉండాడు," అన్నాడు నటరాజు మెల్లిగా.

"లేచి ఉండేది తెలస్తానే ఉండాది," అన్నాడు వాసుదేవ. తర్వాత భార్య వైపు తిరిగి, "ఆ కొస పట్టుకోమని దానికి చెప్పు," అన్నాడు.

దానికి అంటే వనజాక్షికి. ఆదివారం నుంచీ తండ్రి ఆమెతో నేరుగా మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా తల్లి మీదుగానే. వనజాక్షి ఆ వీధిలో మొదట డిగ్రీ చదివిన మనిషి. తిరువళ్ళూరులో ఆడపిల్లల హైస్కూలులో సైన్సు టీచరు. రోజూ రైల్లో పోయి వస్తుంది. ఆ తెల్లవారి రైలు కూత వినిపించింది గాని ఆమె కదల్లేదు. తల్లి చెప్పకముందే పోయి పడుగు కొస పట్టుకుంది.

నలుగురు చేసే పని కాదది. ఒక పక్క గంజి పట్టిస్తుంటే ఇంకో పక్క ఆరిపోయింది. దువ్వే లోపల పోగులు జంటలు జంటలుగా అతుక్కున్నాయి. నటరాజు ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తాడు, మళ్ళీ వెనక్కి పరిగెత్తాడు. పొన్నమ్మ కుంచెతో దువ్వి దువ్వి చేతులు మొద్దుబారి వీధిలోనే కూర్చుండిపోయింది. ఎండ కొండ మీదికెక్కి వీధిలోకి దిగే సరికి పడుగు గట్టిపడి, ఎండు చేప చర్మంలా పెళుసుగా తయారైంది. దాన్ని మగ్గానికి ఎక్కిస్తే పేక పోగు తెచ్చే నాడె రెండు సార్లు తిరగకముందే తెగుతుంది. ఆ సంగతి నలుగురికీ తెలుసు. 

దాన్ని చుట్టి లోపలికి మోసుకుపోయారు. అప్పుడు వాకిళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని, ఏమీ ఎరగనట్టు నీళ్ళకు బయల్దేరారు.

లోపల చుట్టిన పడుగును గోడవారగా దించారు.

జరిగింది వీధంతా చూసింది. ఆదివారం పొద్దున వీధి వెనక బీడు నేలలో వనజాక్షి తన రాకెట్టును వెలిగించింది. అట్ట గొట్టం, బూరుగు కొయ్యతో చెక్కిన ముక్కు, పలచటి చెక్కతో మూడు రెక్కలు. తిరువాలంగాడులో కోవెల ఉత్సవాలకు బాణసంచా కట్టే పెరుమాళ్ ఆమె చెప్పిన కొలతలకు చేసిచ్చిన మందు గొట్టం దాని కడుపులో ఉంది. అంతకు ముందు రెండు సార్లు పైకి పోయి, పైన ముక్కు ఊడి, లోపలున్న గుడ్డ గొడుగు విచ్చుకుని మెల్లిగా దిగింది. ఆ రెండూ ఎవరూ చూడలేదు. మూడోసారి గొడుగు విచ్చుకోలేదు. వీధి మీదికి ఈటెలాగా తలకిందులుగా వచ్చి, ఆదికేశవులు ఇంటి ముందర ఆరుతున్న పడుగును చీల్చుకుని మట్టిలో గుచ్చుకుంది. ఆ పడుగు నీడలో ఆదికేశవులు మనవరాలు ఆడుకుంటూ ఉంది. జానెడు దూరం.

ఆదికేశవులు వీధి పెద్ద. ఆయన అరవలేదు. పిల్లనెత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. అంతే. మిగతా వాకిళ్ళకు ఇంకెవరూ చెప్పనక్కర లేకపోయింది.

"నాకు తెలిసినంత వరకు లెక్క తప్పలేదు," అంది వనజాక్షి ఎవరితోనూ కాకుండా. "మందు సరిగ్గా పేలింది. ముక్కు ఊడింది. గొడుగు బయటికి వచ్చింది. వచ్చి మడత విప్పుకోలేదు. ఎందుకో నాకు అంతుపట్టడం లేదు."

"అంతుపట్టి ఏం జేస్తుందంట?" అన్నాడు వాసుదేవ గోడకేసి చూస్తూ.

"ఏం లేదు. ఇప్పుడే పోయి మామతో చెప్పేస్తా, ఇంక చెయ్యనని. రేపు అందరూ వస్తారు."

ఆమె లేచింది. నటరాజు మగ్గం గుంట అంచున కాళ్ళు వేలాడదీసి కూర్చుని, పెళుసైన పోగొకటి వేళ్ళ మధ్య నలుపుతున్నాడు. వద్దనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆ మనిషి తీరే అంత. ఎనిమిదో క్లాసులో బడి మాని ఆ గుంటలో దిగాడు. ఇద్దరినీ చదివించే తాహతు ఇంటికి లేదు. చదువు బాగా వచ్చేది చెల్లెలికని వాడే అనేశాడట. ఆ మాట వనజాక్షి తల్లి నోటే విన్నది, అన్న నోట ఎన్నడూ వినలేదు.

"కూర్చో మే," అంది పొన్నమ్మ.

గంజి బాన ఇంకా ఆమె పక్కనే ఉంది. ఆమె దాన్నే చూస్తూ మాట్లాడింది.

"నేనే పెట్టినా గంజి."

"దేనికమ్మా?"

"ఆ గొడుక్కి."

వనజాక్షి నిలబడ్డ చోటే నిలబడిపోయింది.

"ఎందుకు పెట్టినావని అడగద్దు. నువ్వు ఈసారికి కొత్తది కత్తిరించి కుట్టి ఆడ పెట్టుకోనుంటివి. తడిసిన కోడి మాదిరి పీలగా ఉండె. ఈ ఇంట్లో గుడ్డ గంజి లేకుండా గడప దాటిందా ఎప్పుడైనా? దాన్ని ఆకాశానికి పంపిస్తా ఉండావే, నలుగురి కండ్లూ పడతాయే, పొన్నమ్మ ఇంట్లోంచి ఇట్లాంటి గుడ్డా పోయేది అనుకుంటారే అని, పలచంగా పెట్టినా. మడత పెట్టి బియ్యం డబ్బా కింద అదిమినా. పొద్దునకి మడత కత్తి మాదిరి నిలిచింది. నువ్వు దాన్ని ఎత్తి గొట్టంలో పెట్టుకుంటే, సరే, బాగుండాది అనుకుందిలే పాపా అని సంతోషపడినా."

వనజాక్షికి గుర్తొచ్చింది. మడత గరుగ్గా చేతికి తగిలింది. ఏమీ అనిపించలేదు. ఆమె కూడా ఆ ఇంట్లోనే పుట్టింది. పుట్టినప్పటి నుంచీ కొత్త గుడ్డ అంటే గరుగ్గానే ఉంటుంది. భౌతిక శాస్త్రం చదువుకున్న తలకాయకు గాలి ఒత్తిడి తట్టింది, బరువు తట్టింది, గంజి మాత్రం తట్టలేదు. పొద్దుటి మంచుకు ఆ గంజి నాని, మడతకు మడత అతుక్కుపోయుంటుంది.

గోడకేసి చూస్తున్న వాసుదేవ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని పొన్నమ్మ భయపడింది. తిరిగి చూస్తే నవ్వుతున్నాడు.

"ఆదికేశవులు పెండ్లామైనా అదే చేసుంటుంది," అన్నాడు. తర్వాత, ఆదివారం నుంచి మొదటిసారి, కూతురి మొహంలోకి చూశాడు. "గంజి లేకుంటే విచ్చుకుంటుందా అది?"

"విచ్చుకుంటుంది నాయినా."

"నిజంగా?"

"రెండు సార్లు విచ్చుకుంది. నేను చూసినా."

"నువ్వు ఒక్కదానివే చూస్తే ఏం లాభం?" అని ఆయన కండువా భుజాన వేసుకున్నాడు.

సాయంత్రం ఆదికేశవులు అరుగు మీద పదిమంది దాకా ఉన్నారు. వాసుదేవ నిలబడే మాట్లాడాడు. గంజి సంగతి చెప్పినప్పుడు నలుగురైదుగురు నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నారు. ఆదికేశవులు నవ్వలేదు. తెగిన పోగులు తాను ముడేసుకోగలనని, దాన్ని గురించి ఒక్క మాట అననని అన్నాడు. మనవరాలి సంగతి వేరు. ఆ రాత్రంతా తనకు నిద్ర లేదన్నాడు. వనజాక్షి రేపు వీధిలో అందరి ముందర ఇంక ఈ పని చెయ్యనని ఒక్క మాట అంటే చాలు, ఎల్లుండి పడుగుకు మొదటి చెయ్యి తనదేనన్నాడు.

న్యాయమైన మాట. వనజాక్షికీ అది తెలుసు. సరేననబోయింది. అనబోయి ఇంకేదో అంది.

"ఒకసారి చూడండి మామా. వీధిలో కాదు, కుశస్థలి ఏటి ఇసుకలో. చూసిన తర్వాత మీరు వద్దంటే వద్దు. మళ్ళీ అడగను."

"శ్రీహరికోటలో గవర్నమెంటు వదిలిన రాకెట్టే సముద్రంలో పడింది గదా మే. నీదెంత?"

"మర్సటేడు పైకి పోయింది గదా మామా."

"ఓహో. అయితే నీకు ఇంకో ఏడు గడువు కావాల."

అరుగంతా నవ్వింది. ఈసారి ఆదికేశవులు కూడా కొంచెం నవ్వాడు. నవ్వు ఆగాక, ఆయన గొంతు మారింది.

"చూస్తా. కానీ ఒకటి విను. అది ఈసారి కూడా దారి తప్పిందంటే, నువ్వు మానుకున్నా సరే, మీ పడుగు మీరే పట్టుకోవాల. ఈ వీధి చెయ్యి మీకు ఉండదు. నువ్వు ఉద్యోగస్తురాలివి, నీకేం. మగ్గంలో కూర్చునేవాడు నీ అన్న. వాన్ని అడిగి చెప్పు."

అందరూ నటరాజు వైపు చూశారు. వాడు అరుగు కింద, చెప్పులు విడిచే చోట నిలబడి ఉన్నాడు. వనజాక్షికి అన్న మొహం చూసే ధైర్యం లేక వాడి పాదాలు చూసింది. మగ్గం తొక్కి తొక్కి వేళ్ళు విచ్చుకుపోయిన పాదాలు.

"ఒప్పుకో," అన్నాడు నటరాజు.

రాకెట్టు వదలాలనుకున్న తర్వాతి ఆదివారం దాకా పొన్నమ్మ ఇంటిపనంతా పక్కన పెట్టి ఒక గుడ్డముక్కను ఉతికింది. అది నటరాజు నేసిన ఎర్ర గుడ్డ. బండ మీద బాదింది, జాడించింది, వేణ్ణీళ్ళలో నానేసింది, మళ్ళీ బాదింది. జన్మంతా గుడ్డకు బిగువు పెట్టిన చేతులు ఇప్పుడు బిగువు తీయడానికి తంటాలు పడుతుంటే చూడలేక వాసుదేవ వీధిలోకి పోయి నిలబడేవాడు. చివరికి ఆ గుడ్డ పిడికిట్లో పట్టుకుంటే ఉందో లేదో తెలియనంత మెత్తగా అయింది. "ఇంత సిగ్గు లేకుండా తయారైంది, చాలునా?" అని పొన్నమ్మ కూతురి చేతిలో పెట్టింది.

పొద్దు వాలే వేళకు కుశస్థలి ఇసుకలో వీధి వీధంతా చేరింది. పడుగుకు రాని వాళ్ళందరూ దీనికి వచ్చారు. కొందరు చూడ్డానికి, కొందరు చూసి చెప్పుకోవడానికి. ఆదికేశవులు మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని, అందరికన్నా వెనక, ఒడ్డు మీద నిలబడ్డాడు. దూరంగా తిరుత్తణి కొండ మీద సాయంకాలపు వెలుగు పడుతోంది.

వనజాక్షి ఇసుకలో ఇనుప కమ్మి నాటింది. రాకెట్టు పక్కన అతికించిన, నూలు చుట్టే కండె గొట్టం ముక్కను ఆ కమ్మికి తొడిగింది. తీగలు లాగి, టార్చిలైటు బ్యాటరీల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.  గాలి ఎటు పోతుందో మరోసారి చూసుకుంది. అందరినీ ఇంకొంచెం వెనక్కి జరగమంది. నటరాజు మాత్రం జరగలేదు. చెల్లెలికి కొంచెం ఎడంగా ఇసుకలోనే చతికిలబడ్డాడు.

ఆమె మీట నొక్కింది.

ఏమీ కాలేదు అనుకునేంతలో, కొత్త గుడ్డను ఒక్క గుంజుతో చింపినట్టు చప్పుడైంది. అందరూ కమ్మి వైపు చూశారు. కమ్మి ఉత్తగా నిలబడి ఉంది. దాని అడుగున ఇసుక నల్లబడి ఉంది. దాని మీద ఇందాక ఉన్నది ఏదీ లేదు.

"యాడ?" అన్నారెవరో.

అప్పుడు తలలు పైకి లేచాయి.

కింద నుంచి పైకి, ఎవరో గీసినట్టు, తెల్లటి పొగ. ఎంత నిక్కచ్చిగా ఉందంటే ఆ వీధిలో ఎంతటి చెయ్యితిరిగిన వాడూ అంత నేరుగా ఒక పోగును సాచలేడు. దాని కొస ఎక్కడుందో కళ్ళు వెతుక్కుంటూ పోయాయి. పోతూనే ఉన్నాయి. నీడలు పడ్డ ఇసుక నుంచి, తుమ్మ చెట్లు దాటి, కొంగలు ఎగిరే ఎత్తు దాటి, ఇంకా ఎండ ఉన్న చోటికి. అక్కడ ఒక చుక్క మెరిసింది. కింద అందరికీ పొద్దు మునిగిపోతోంది, దానికొక్కదానికీ ఇంకా పగలే.

పైన అది ఆగినట్టనిపించింది.  చంకనున్న పిల్లలు కూడా ఏడవలేదు.

చిన్న పొగ తునక కనిపించింది. కనిపించిన తర్వాత, కాస్త ఆలస్యంగా, టప్పుమని చప్పుడు దిగి వచ్చింది. చప్పుడు ఎందుకు వెనకబడుతుందో వనజాక్షి తొమ్మిదో క్లాసు పిల్లలకు ఏటేటా బోర్డు మీద రాసి చెప్పేది. అయినా ఆ క్షణాన ఆమె వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అంత ఎత్తు. చప్పుడే దిగి రావడానికి అంతసేపు పట్టేంత ఎత్తు. అక్కడికి తన చేత్తో అతికించిన అట్టముక్క పోయింది.

ఆ పొగ తునక కింద ఎర్రగా ఏదో వణికింది. వణికి, ఒక్కసారిగా విచ్చుకుంది.

పొన్నమ్మ నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది. పక్కనున్న ముసలామె ఎర్ర గొడుగుకేసి చేతులు జోడించింది. జోడించాక తప్పు చేశాననుకుందేమో, గబుక్కున కొండ వైపు తిరిగి, అదే నమస్కారాన్ని అటు పెట్టింది. ఎవరూ నవ్వలేదు. గొడుగు ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఇంకా చిక్కటి నీడలోకి, తొందరలేని మనిషి మెట్లు దిగినట్టు దిగుతూ ఉంది.

అది ఇసుకలో వాలిన తర్వాత గాని వనజాక్షి వెనక్కి తిరిగి చూడలేదు. ఆదికేశవులు ఒడ్డు మీద లేడు. ఎప్పుడు దిగి వచ్చాడో, జనం మధ్యలో నిలబడి ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు. అవి ఒడ్డు మీదే ఉన్నాయి. ఆయన చెయ్యి మనవరాలిని ఎప్పుడో వదిలేసింది.

రాకెట్టును ఎవరో తెచ్చి ఆయన చేతికిచ్చారు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకా వెచ్చగా ఉందది.

"ఇంతేనా ఇది?" అన్నాడు.

"ఇంతే మామా."

"ఆపమని చెప్పాలనే వచ్చినా." రాకెట్టును ఆమెకు తిరిగి ఇచ్చాడు. "వీధి దిక్కున వద్దు. ఇసుకలోనే. నాకు చెప్పి చెయ్యి, నేనూ వస్తా. ఇంటికి పోయి రేపటికి గంజి కాచమని మీ అమ్మకు చెప్పు."

జనం ఒక్కసారిగా మాట్లాడసాగారు. ఎవరికి ఏం కనిపించిందో ఒకరికొకరు చెప్పుకుంటూ, అందరూ చూసిందే అందరికీ చూపిస్తూ ఒడ్డెక్కారు. వనజాక్షికి గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఆ మాట మొట్టమొదట అన్నకే చెప్పాలని ఇసుకలో పరిగెత్తింది.

నటరాజు కూర్చున్న చోటే కూర్చుని ఉన్నాడు. ఇంకా పైకే చూస్తున్నాడు. పొగ ఎప్పుడో చెదిరిపోయింది. ఆకాశం ఖాళీగా ఉంది.

"అన్నా, ఒప్పుకున్నాడు. రేపు పడుగు సాచేదానికి అందరూ వస్తారు."

"విన్నా."

"లెయ్యి, పోదాం."

వాడు లేవలేదు. పైకి చూస్తూనే అడిగాడు.

"వనజా, ఆ శ్రీహరికోటలో చదువు లేనోళ్ళను తీసుకుంటారా?"

"దేనికన్నా?"

"దేనికైనా. ఇసుక మోసేదానికి. వాకిలి చిమ్మేదానికి."

ఆమె తమాషా అనుకుని నవ్వబోయింది. వాడి మొహం చూసి నవ్వలేకపోయింది.

"గుంటలో కూర్చుంటే ముందర పోగు, చేతిలో నాడె," అన్నాడు నటరాజు. గొంతులో కోపం లేదు, ఫిర్యాదు లేదు. ఏదో వింత చెబుతున్నట్టు చెప్పాడు. "కన్ను పక్కకు పోతే పోగు తెగుతుంది. అందుకని నేను మెడ ఎత్తిందే లేదు. ఈ పొద్దు ఎత్తినా. ఇంక దించేదానికి రావడం లే."

వనజాక్షి వాడి పక్కన ఇసుకలో కూర్చుండిపోయింది. ఏం చెప్పాలో ఆమె చదివిన చదువులో ఎక్కడా లేదు. ఆ చదువు సగం వాడిదే.

ఇసుకలో అడుగుల చప్పుడైంది. వాసుదేవ. పిల్లలను పిలుచుకుపోదామని వచ్చినట్టున్నాడు. ఎప్పటి నుంచి నిలబడి ఉన్నాడో, ఎంత విన్నాడో తెలియదు. కండువాను చేతిలో ఉండలా చుట్టుకుంటున్నాడు.

"చీకటి పడతా ఉంది. ఇంటికి రాండి," అన్నాడు ఇసుకకేసి చూస్తూ.

"మీరు పోండి నాయినా," అన్నాడు నటరాజు. "రేపు పడుక్కి నేను రాను."

వాసుదేవ ఒడ్డు వైపు తిరిగాడు. ఒడ్డు మీద జనం ఇంకా పూర్తిగా కదల్లేదు. ఆదికేశవులు గొంతు అంత దూరం నుంచీ స్పష్టంగా వినిపిస్తోంది. రేపు తెల్లవారి ఎవరు ఏ పక్కన నిలబడాలో పేరుపేరునా చెబుతున్నాడు. పడుగు తల దగ్గర ఎవరన్నది అడగనే అక్కర లేదని, అది నటరాజు చోటని అంటున్నాడు.